తొమ్మిది పరుగులు ఎక్కువా, తక్కువా?

— తృతీయ బి.యస్సీ. విద్యార్థి

సంచికకు ఏదైనా రాసివ్వమని విద్యార్థి సంఘం మిత్రులు నెల రోజులుగా వెంటబడుతున్నారు. కవిత్వం నాకు రాదు. కథ రాద్దామంటే మా ఊళ్ళో జరిగినవన్నీ పేర్లు మార్చినా గుర్తుపట్టేస్తారు. అందుచేత నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తున్నాను. తప్పు లెక్కలది కాదు. లెక్క సరిగ్గానే ఉంది. అదే అసలు బాధ.

నేను క్రికెట్ ఆడను. హైస్కూల్లో ఒకసారి ఫీల్డింగుకు నిలబెడితే బంతి చేతికి బదులు మూతికి తగిలింది, అంతటితో ఆ ముచ్చట తీరిపోయింది. అయితే ఆట చూడ్డం మాత్రం మానలేదు. కాలేజీలో చేరాక స్టాటిస్టిక్సు చదివేవాడు కదా అని స్కోరు పుస్తకం నా ఒళ్ళో పడేశారు. చెట్టుకింద బెంచీ మీద కూచుని బంతికొక చుక్క పెట్టుకుంటూ రెండేళ్ళు గడిపాను. పోయినేడు అంతర కళాశాలల పోటీలకు జట్టును ఎంపిక చేసేటప్పుడు సార్ నన్ను పిలిచి, బౌలర్లు ఎవరెవరు ఓవరుకు ఎన్ని పరుగులిచ్చారో ఒక కాగితం మీద వరసగా రాసుకు రమ్మన్నారు. తెల్ల కాగితం తీసుకుని స్కేలుతో గీతలు కొట్టి అందంగా రాసిచ్చాను. పైన ఆరు పరుగుల వాడు, అట్టడుగున తొమ్మిది పరుగుల వాడు. సార్ అడుగు పేరు మీద పెన్నుతో ఒక గీత గీశారు.

ఆ పేరు ధర్మవరం నుంచి రోజూ రైల్లో వచ్చే నా స్నేహితుడిది. వాళ్ళింట్లో మగ్గం ఉంది. తెల్లవారుజామున నాన్నకు సాయంగా కాసేపు కూచుని, ఆ తర్వాత బండెక్కి వచ్చేవాడు. జట్టులో లేడని తెలిశాక సాయంత్రం బండిలో పెనుకొండ వచ్చేవరకు ఒక్క మాట మాట్లాడలేదు. నేను దిగబోతుంటే మాత్రం, "రాసింది నువ్వే గదప్పా" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

సార్‌ను నేను తప్పుపట్టను. ఆయన చేతిలో ఉన్నది నేనిచ్చిన కాగితమే. ఆ కాగితంలో లేనిదేమిటో నాకే తెలియలేదు. తెలియజెప్పింది మా నాయన. ఆయన క్రికెట్ మ్యాచ్ మొదలునుంచి చివరిదాకా ఏనాడూ చూసినవాడు కాదు.

మాది శెనక్కాయ పండించే కుటుంబం. మా పక్క నేలలో ఏం పండినా, ఎండినా వానతోనే. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వర్షం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు అని పుస్తకాల్లో ఉంటుంది. ఆ మాట నేను ఒకసారి ఇంట్లో గొప్పగా చెబితే మా నాయన, "అది ఎప్పుడు పడిన్యాదో రాసినారా?" అని అడిగాడు. జూన్, జులైలో విత్తనానికి పదును కావాలి. ఊడలు దిగేటప్పుడు ఇంకొక వాన కావాలి. ఆ రెండూ ఎగ్గొట్టి, కాయ పీకి కుప్ప వేశాక కుండపోతగా కురిస్తే ఏడాది సగటు సరిపోతుంది, పంట మాత్రం పోతుంది. ఒక ఏడాది ఇంకో చిత్రం జరిగింది. మండల కేంద్రంలో వాన బాగా పడింది, మా చేను మీదికి రాలేదు. పంటల బీమాలో ఒక్కొక్కరి చేను చూడరు, ఆ ప్రాంతం మొత్తం సగటు చూస్తారు. గడిచిన సంవత్సరాల సగటు నుంచి ఒక గీటు గీసి పెట్టుకుంటారు, ప్రాంతం దిగుబడి దానికి కిందకు పోతేనే పరిహారం. ఆ ఏడు ప్రాంతం సగటు గీటుకు పైనే ఉంది. మా చేను లేదు. "మండలం బాగుండాది, మనమే బాగలేము" అని మా నాయన నవ్వాడు. సగటు ఒక్క అంకె కాదనీ, దేనికి సగటు, ఎవరితో కలిపి సగటు అనే రెండు ప్రశ్నలు దాని వెనక ఉంటాయనీ నాకు క్లాసులో కన్నా అక్కడే బాగా ఎక్కింది.

మళ్ళీ ఆటలోకి వద్దాం.

హిందూపురం ప్రాంతం వాళ్ళకు 2016 మే 29 గుర్తుండే ఉంటుంది. బెంగుళూరు చిన్నస్వామి స్టేడియంలో ఐ.పి.ఎల్. ఫైనలు, సన్‌రైజర్స్ హైదరాబాదుకూ బెంగుళూరు జట్టుకూ మధ్య. మనకు రాజధాని ఒకవైపు, రైలు దూరంలో ఉన్న పట్నం మరొకవైపు. మా ఊళ్ళో టీవీ ముందు కూచున్నవాళ్ళు సరిగ్గా సగం సగంగా చీలిపోయారు. కోహ్లీ ఆ సీజనులో ఫైనలుకు ముందే 919 పరుగులు చేసి ఉన్నాడు గనక బెంగుళూరు వైపు కేకలే ఎక్కువ. నాకప్పుడు పదకొండేళ్ళు, నేను హైదరాబాదు పక్షం, కారణం అడిగితే చెప్పలేను.

హైదరాబాదు 208 చేసింది. బెంగుళూరు పదిన్నర ఓవర్లకు 114 చేసేదాకా తొలి వికెట్టే పడలేదు. గేల్ 38 బంతుల్లో 76 కొట్టాడు. అయినా చివరికి 200 దగ్గర ఆగిపోయారు, ఎనిమిది పరుగుల తేడాతో హైదరాబాదు గెలిచింది. మ్యాచ్‌లో ఉత్తమ ఆటగాడి బహుమతి బెన్ కటింగుకు ఇచ్చారు, 15 బంతుల్లో 39 చేసి రెండు వికెట్లు కూడా తీశాడు గనక అందులో పేచీ లేదు. నా పేచీ అంతా అదే కార్డులో కింద ఉన్న ఇంకొక వరస గురించి. భువనేశ్వర్ కుమార్: 4 ఓవర్లు, 25 పరుగులు, వికెట్లు సున్నా.

సున్నా చూసి ఎవరైనా ఏమనుకుంటారు? ఏమీ చెయ్యలేదనుకుంటారు. ఇప్పుడు మా నాయన అడిగిన ప్రశ్న అడుగుదాం. ఆ రాత్రి, ఆ మైదానంలో సగటు ఎంత? రెండు జట్లు కలిపి 40 ఓవర్లలో 408 పరుగులు, అంటే ఓవరుకు 10.2. ఆ లెక్కన నాలుగు ఓవర్లకు ఎవరైనా ఇవ్వవలసింది దాదాపు 41. అతనిచ్చింది 25. మిగిల్చింది 16. జట్టు గెలిచింది ఎనిమిదితో. (బైలు, లెగ్ బైలు బౌలరు ఖాతాలో పడవు కాబట్టి ఒకటి రెండు పరుగులు అటూ ఇటూ అవుతాయి, లెక్కల వాళ్ళు నన్ను క్షమించాలి.) పైగా గెలవడానికి 18 పరుగులు కావలసిన ఆఖరి ఓవరు కూడా వేసింది అతనే. సున్నా వికెట్ల వాడు మ్యాచ్‌ని కాపాడాడని స్కోరు కార్డు చెప్పదు, సగటు పక్కన పెట్టుకుంటే చెబుతుంది.

ఈ ఆలోచన నేను కనిపెట్టిందేమీ కాదు. అమెరికాలో బేస్‌బాల్ అని ఒక ఆట ఉంది. మన క్రికెట్‌కు దూరపు చుట్టం. అందులో బంతి విసిరేవాణ్ణి పిచర్ అంటారు. మొదట దిగిన పిచర్ అలసిపోతే మధ్యలోనో, చివర్లోనో వచ్చి ఆట నిలబెట్టే వాళ్ళు వేరే ఉంటారు, వాళ్ళు రిలీఫ్ పిచర్లు. మన ఆఖరి ఓవర్ల బౌలర్లకు అన్నదమ్ముల్లాంటి వాళ్ళు. తొమ్మిది ఇన్నింగ్సుల ఆటకు ఎన్ని పరుగులిస్తాడనేది ఒక్కొక్కరి సగటు. అయితే అక్కడి గణకులు అంతటితో తృప్తిపడలేదు. ఒక కాలంలో పరుగులు ఎక్కువ పడతాయి, ఒక కాలంలో తక్కువ. ఒక మైదానం చిన్నది, ఒకటి పెద్దది. కాబట్టి లీగ్ మొత్తం సగటును అతని సగటుతో భాగించి, మైదానాల తేడా సవరించి, వందతో గుణించారు. వంద వస్తే అందరిలాంటివాడు. వంద దాటితే అందరికన్నా మెరుగు.

ఈ లెక్కలో ఆకాశాన ఉన్నవాడు మరియానో రివేరా. పనామా దేశపు తీర గ్రామంలో చేపల పడవ నడిపే ఆయన కొడుకు. 1995 నుంచి 2013 వరకు న్యూయార్క్ యాంకీస్ జట్టులో ఆడాడు, ఎక్కువ కాలం ఆట చివర్లో వచ్చి ముగించడమే అతని పని. జీవితకాలపు సగటు 2.21. గెలుస్తున్న ఆట చేజారకుండా ముగించిన సందర్భాలు 652, ఇంతవరకు ఎవరూ దాన్ని దాటలేదు. లీగ్ సగటుతో పోల్చిన అంకె 205. అంటే అతని కాలంలో అందరూ రెండు పరుగులిచ్చే చోట అతను ఒకటే ఇచ్చాడన్నమాట. 2019లో బేస్‌బాల్ కీర్తి మందిరంలోకి అతన్ని తీసుకున్నప్పుడు ఒక్క ఓటు కూడా వ్యతిరేకంగా పడలేదు, అలా ఎన్నికైన మొదటివాడు అతనే. ముఖ్యమైన సంగతేమంటే, అతను వేసింది తక్కువ. మొదటినుంచీ వేసే పిచర్లతో పోలిస్తే మోసిన బరువు తక్కువగా కనిపిస్తుంది. అయినా ఆ తక్కువ ఎక్కడ పడిందో చూసి విలువ కట్టారు.

ఇదే తూనిక మన ఐ.పి.ఎల్.కు పెట్టి చూశాను. 2024 సీజనులో బ్యాటింగు ఎంతగా పేట్రేగిందో అందరూ చూసినదే. 2023లో ఇంపాక్ట్ ప్లేయర్ నిబంధన వచ్చి ప్రతి జట్టుకూ ఒక బ్యాట్స్‌మన్ అదనంగా దొరికాడు. 2024 ఏప్రిల్ 15న అదే చిన్నస్వామిలో సన్‌రైజర్స్ 287 కొడితే బెంగుళూరు 262 తిరిగి కొట్టింది. ఆ రోజు కమిన్స్ నాలుగు ఓవర్లలో 43 పరుగులిచ్చి మూడు వికెట్లు తీశాడు. 43 అంటే ఇంకొక రోజు చీవాట్లు తినవలసిన అంకె. ఆ రోజు ఓవరుకు సగటు 13.7, నాలుగు ఓవర్లకు దాదాపు 55. అంటే పన్నెండు పరుగులు మిగిల్చినట్లు లెక్క.

ఆ సీజను మొత్తానికి ఓవరుకు సగటు తొమ్మిదిన్నర చిల్లర. బుమ్రా ఇచ్చింది 6.48, వందకు సుమారు 147 వస్తుంది, అతని గొడవ మనకొద్దు. ఎక్కువ వికెట్లు తీసి ఊదారంగు టోపీ గెలిచిన హర్షల్ పటేల్ 24 వికెట్లు తీసినా ఓవరుకు 9.73 ఇచ్చాడు, అంటే పరుగుల లెక్కలో వందకు కాస్త కిందే. మన హైదరాబాదు జట్టు నటరాజన్ 19 వికెట్లు తీసి ఓవరుకు 9.05 ఇచ్చాడు. అంకె చూస్తే మా ధర్మవరం మిత్రుడి అంకే. లీగ్ సగటుతో పోలిస్తే వందకు నాలుగైదు పైన. అందులోనూ అతను వేసినవి ఎక్కువగా ఎవరూ వెయ్యడానికి ఇష్టపడని ఆఖరి ఓవర్లు. సేలం జిల్లాలో చిన్నప్పంపట్టి అనే పల్లె అతనిది, తండ్రి మగ్గం పని చేసినవాడు, తల్లి రోడ్డు పక్కన కొట్టు పెట్టుకుని బతుకు నడిపింది. ఈ సంగతి నా మిత్రుడికి నాకన్నా ముందే తెలుసు. అతని ఫోన్లో నటరాజన్ యార్కర్లు తప్ప వేరే వీడియోలు ఉండవు.

ఇలా అన్నంత మాత్రాన అంకెలు చెప్పినవాడల్లా గొప్పవాడని నేననడం లేదు. భువనేశ్వర్ 2016లో ఓవరుకు 7.42 ఇచ్చాడు, 2024లో 9.35. లీగ్ సగటు పెరిగింది గనక అంత పడిపోలేదని అతని తరఫున వాదించవచ్చు. కానీ 2016లో సగటు ఎనిమిదికి కాస్త పైన, అప్పుడతను దానికన్నా స్పష్టంగా మెరుగు. 2024లో సగటుకు అంగుళం ఎడంలో ఉన్నాడు. ఆ తగ్గుదల నిజమే. తూనిక స్నేహితులకు ఒకరకంగా, పరాయివాళ్ళకు ఒకరకంగా తూగకూడదు.

ఇంకొక చిక్కు కూడా ఉంది. 2025 జూన్ 3న బెంగుళూరు మొదటిసారి కప్పు గెలిచింది, అప్పుడు భువనేశ్వర్ ఆ జట్టులోనే ఉన్నాడు. తొమ్మిదేళ్ళ కింద ఎవరి నోటి దగ్గరిది లాక్కున్నాడో వాళ్ళకే తెచ్చిపెట్టాడని మా ఊళ్ళో బెంగుళూరు పక్షం వాళ్ళు ఇప్పుడు అతన్ని క్షమించారు. ఆ ఫైనల్లో 190కి 184, ఓవరుకు 9.35 సగటు. కృణాల్ పాండ్యా నాలుగు ఓవర్లకు 17 మాత్రమే ఇచ్చాడు, ఇరవై పరుగులు మిగిలాయి, గెలిచింది ఆరుతో, బహుమతి అతనికే వచ్చింది, న్యాయమే. భువనేశ్వర్ ఇచ్చింది 38, అంటే అచ్చు సగటే. నా తూనిక ప్రకారం అతను చేసింది శూన్యం. కానీ పదిహేడో ఓవర్లో రెండు వికెట్లు పడగొట్టి పంజాబు నడుం విరిచింది అతనే కదా! కాబట్టి పరుగుల సగటు ఒక్కటే పట్టుకుని వేలాడితే అదీ తప్పే. వికెట్టు విలువను పరుగుల్లోకి మార్చే పద్ధతి నేనింకా సరిగ్గా నేర్వలేదు.

మా స్టాటిస్టిక్స్ లెక్చరర్ గారికి ఇదంతా చూపిస్తే ఆయన నిదానంగా విని, "నాలుగు ఓవర్లు చూసి మనిషిని తేల్చెయ్యకు" అన్నారు. చేతిలో ఉన్న సమాచారం ఎంతో, మన అంచనా కచ్చితత్వానికి అంతే హద్దు ఉంటుందట. 1945లో ఆ హద్దును సూత్రంగా చూపిన కల్యంపూడి రాధాకృష్ణారావు గారు మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివినవారే. ఆయన 2023లో, నూరేళ్ళు దాటాక కన్నుమూశారు. ఆయన సూత్రం మాకు పరీక్షలో ఆరు మార్కుల ప్రశ్నగా వస్తుంది. స్కోరు పుస్తకం ముందు కూచున్నప్పుడు అది గుర్తుకు రాకపోవడం నా చదువు సంగతి చెబుతుంది.

సరే, ఇక నా కాగితం. సెలవుల్లో పాత పుస్తకం ముందేసుకుని మళ్ళీ లెక్క కట్టాను. ఆరు మ్యాచ్‌లు. నా మిత్రుడు 18 ఓవర్లు వేసి 162 పరుగులిచ్చాడు, ఓవరుకు తొమ్మిది, అందులో అబద్ధం లేదు. కానీ ఆ పద్దెనిమిదిలో పద్నాలుగు ఓవర్లు పదహారు నుంచి ఇరవై లోపల వేసినవి, వాటిలో ఇచ్చింది 136. మిగిలిన నాలుగింటికి 26, అంటే ఓవరుకు ఆరున్నర. ఆ ఆఖరి అయిదు ఓవర్ల భాగంలో మిగతా బౌలర్లందరూ కలిసి వేసినవి 16 ఓవర్లు, ఇచ్చింది 188. ఓవరుకు పదకొండు ముప్పావు! ఇతనిది పది కూడా లేదు. (ఇక్కడ మిగతావాళ్ళ సగటు మాత్రమే తీశాను. అతన్ని కూడా కలిపితే అతనితో అతన్నే పోల్చినట్లవుతుంది.) రివేరా తూనికలో పెడితే 121. నా కాగితంలో అందరికన్నా పైన, ఆరు పరుగులతో ఉన్నవాడు దాదాపుగా కొత్త బంతితోనే వేశాడు. ఆఖర్లో ఇచ్చిన రెండు మూడు ఓవర్లలో అతను కూడా అందరిలాగే బాదించుకున్నాడు.

పద్నాలుగు ఓవర్లు ఏమంత పెద్ద లెక్క కాదని లెక్చరర్ గారి మాట నాకు గుర్తుంది. జట్టులో ఉండి తీరాలని ఆ అంకెతో నిరూపించలేను. కానీ అట్టడుగున రాయడానికి ఆధారం లేదని మాత్రం నిరూపించగలను. జులైలో పడని వానను అక్టోబరు వానతో కలిపి సగటు తీసినట్లు, నేను మొదటి ఓవరునూ ఇరవయ్యో ఓవరునూ ఒకే గంపలో పోశాను.

ఇదే పని మనం కాలేజీలో ఇంకెన్నిచోట్ల చేస్తున్నామో! హాజరు శాతం ఉంది. రైలు లేటయి మొదటి పీరియడు పోయే ధర్మవరం వాడూ, హాస్టల్లో పడుకుని పోగొట్టుకునేవాడూ రిజిస్టరులో ఒకటే. విత్తనం రోజుల్లో మేము నాలుగు రోజులు ఊళ్ళో ఉండిపోతాం, ఆ నెల మా శాతం చూడండి. నిబంధన ఉండకూడదని నా వాదన కాదు. అంకె పక్కన ఇంకొక అంకె రాసే చోటు ఉండాలని మాత్రం సంఘం ద్వారా అడుగుతున్నాను. రిజిస్టరు సంగతి పెద్దలు చూసుకుంటారు, స్కోరు పుస్తకం నా చేతిలోనే ఉంది కాబట్టి నా వంతు నేను చేశాను. ఈ ఏడు కొత్త పుస్తకంలో ప్రతి బౌలరు పేరు పక్కన మూడు గడులు గీశాను: మొదటి ఆరు ఓవర్లు, మధ్యవి, ఆఖరి అయిదు. కింద ఆ భాగానికి మిగతావాళ్ళ సగటు. కొత్త కాగితం సార్‌కు చూపించాను. కళ్ళద్దాలు పైకి జరుపుకుని రెండుసార్లు చదివి, "పోయినేడు ఇది ఎందుకివ్వలేదయ్యా?" అన్నారు. జవాబు చెప్పలేకపోయాను.

ఆదివారం ధర్మవరం వెళ్ళాను. వాళ్ళ నాన్న బజారుకు పోయి ఉన్నాడు, మగ్గం మీద ఇతనే కూచున్నాడు. అంచు దగ్గర పోగు తెగితే ముడి వేస్తున్నాడు, నేను వచ్చానని చూసి కూడా ఆ ముడి అయ్యేదాకా తలెత్తలేదు. కాగితం ఇచ్చాను. చాలాసేపు చూశాడు.

"పదహారో ఓవరు నుంచి యెవరు యెన్ని ఇచ్చినారో వేరేగా రాసినావా?"

"రాసినా."

"మా మ్యాచ్‌లో ఆ రెండు క్యాచులు విడిచిందీ?"

"దానికి గడి లేదప్పా."

"అది కూడా గీయి" అని కాగితం మడిచి నా చేతికిచ్చి, మళ్ళీ మగ్గం గుంటలో కాళ్ళు సర్దుకున్నాడు. లేవబోతుంటే, ప్రాక్టీసు ఎన్ని గంటలకని అడిగాడు.